జబ్బు ఉండగానే సరదా: డయాలసిస్ రోగుల రోజువారీ జీవితం ఏం చెబుతోంది?

సంక్షిప్తంగా: దీర్ఘకాలిక జబ్బుతో బతుకుతున్నవాళ్లు చూసేవాళ్లు అనుకున్నంత దిగులుగా రోజులు గడపడం లేదని పరిశోధనలు చెబుతున్నాయి. అలాగని సంతోషంగా ఉంటే జబ్బు తగ్గుతుందన్న ప్రచారానికీ గట్టి ఆధారాలు లేవు. సరదాను మింగేస్తున్నవి చాలావరకు నొప్పి, నీరసం, దూరాభారం, పథ్యం మీద అతి భయం, నలుగురి మాటలు. వీటిలో కొన్నింటిని తగ్గించడం మన చేతుల్లోనే ఉంది.

పెద్ద జబ్బున్న మనిషి నవ్వుతూ తిరుగుతుంటే చుట్టూ రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "అంత జబ్బు పెట్టుకుని ఆ షికార్లేంటి?" అని కొందరు. "ఎంత పాజిటివ్‌గా ఉన్నాడో చూడు, అందుకే తట్టుకుంటున్నాడు" అని ఇంకొందరు. మొదటిది ఆక్షేపణ, రెండోది మెచ్చుకోలు. రెండింటి అడుగునా ఉన్న నమ్మకం మాత్రం ఒకటే: జబ్బు చేశాక మనిషి దిగులుగా ఉండడమే మామూలు, సరదాగా ఉంటే అది వింత.

ఈ నమ్మకాన్ని పరీక్షించడానికి డయాలసిస్ మంచి ఉదాహరణ. కిడ్నీలు పూర్తిగా పాడైనవాళ్లు వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటల చొప్పున రక్తాన్ని శుభ్రం చేసే మెషీన్ మీద ఉండాలి. తిండికీ, తాగే నీళ్లకీ, ప్రయాణాలకీ హద్దులు వచ్చిపడతాయి. కిడ్నీ మార్పిడి జరిగితే తప్ప చికిత్స ఆగేది కాదు. తెలుగునాట దీన్ని వేరే పరిచయం చేయనక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు వైపు ఏ ఊళ్లో అడిగినా మెషీన్ ఎక్కుతున్నవాళ్ల గురించి చెబుతారు. సరదా పూర్తిగా పోవాలంటే ఇలాంటి చోటే పోవాలి. పోయిందా అన్నది ప్రశ్న.

బయటివాళ్ల అంచనా, లోపలి లెక్క

2005లో అమెరికా పరిశోధకులు దీన్ని నేరుగా కొలిచి చూశారు. 49 మంది హీమోడయాలసిస్ (మెషీన్ మీద చేసే డయాలసిస్) రోగులను, వాళ్లకు వయసులోనూ ఇతర విషయాల్లోనూ సరిపోలే 49 మంది ఆరోగ్యవంతులను తీసుకున్నారు. అందరి చేతికీ చిన్న ఎలక్ట్రానిక్ పరికరం ఇచ్చారు. అది వారం పాటు రోజులో ఎప్పుడు పడితే అప్పుడు మోగేది. మోగినప్పుడల్లా ఆ క్షణాన మనసు ఎలా ఉందో అందులో నమోదు చేయాలి. "మొత్తం మీద ఎలా ఉన్నారు?" అని అడిగితే మనిషి ఆలోచించి, కొంత మర్యాదకు, కొంత అలవాటుకు జవాబు చెబుతాడు. ఇక్కడ ఆ అవకాశం లేదు.

వారం తర్వాత లెక్క చూస్తే రెండు గుంపుల మనఃస్థితికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అసలు తేడా అంచనాల్లో బయటపడింది. డయాలసిస్ మీద ఉంటే రోజులు ఎలా గడుస్తాయనుకుంటున్నారని అడిగితే, ఆరోగ్యవంతులు చాలా నిరాశగా ఊహించారు. రోగులది మరో రకం పొరపాటు. తమకు ఈ జబ్బే రాకపోయి ఉంటే ఇప్పటికంటే ఎంతో సంతోషంగా ఉండేవాళ్లమని వాళ్లూ అనుకున్నారు. పక్కనే ఉన్న ఆరోగ్యవంతుల నమోదులు చూస్తే అంత సంతోషం అక్కడా లేదు.

ఈ పొరపాటు ఎక్కడి నుంచి వస్తుంది? "డయాలసిస్ రోగి" అనగానే బయటివాళ్లకు సూదులు, రక్తం పారే గొట్టాలు, బీప్ బీప్‌మనే మెషీన్ కళ్ల ముందుకొస్తాయి. ఆ రోగికి ఉదయం టీ, టీవీ సీరియల్, అల్లుడి మీద చిరాకు, మనవరాలి ముద్దుమాటలు, కరెంటు పోతే వచ్చే విసుగు కూడా ఉంటాయన్న సంగతి ఊహలోకి రాదు. జబ్బు ఇరవై నాలుగు గంటలూ ఒంట్లోనే ఉంటుంది, మనసులో అన్ని గంటలూ ఉండదు. మనసు దేని మీద నిలిస్తే ఆ క్షణం దానిదే అవుతుంది.

ఈ సందర్భంలో తరచూ చెప్పే 1978 నాటి మరో అధ్యయనం ఉంది. లాటరీ గెలిచినవాళ్లు, ప్రమాదంలో కాళ్లూ చేతులూ చచ్చుబడినవాళ్లు కొన్నాళ్లకు ఒకే స్థాయి సంతోషానికి చేరుకున్నారని దాని గురించి ప్రచారం. నిజానికి అందులో తేలింది అది కాదు. ప్రమాద బాధితులు మామూలువాళ్ల కంటే తక్కువ సంతోషంగానే ఉన్నారు. అయితే లోకం ఊహించినంత తక్కువగా లేరు, అంతే. వేదికల మీద ఈ కథను సాగదీసి చెప్పేవాళ్ల వల్ల అసలు విషయానికే నష్టం జరుగుతోంది.

అలవాటు పడనివీ ఉన్నాయి

ఎంత కష్టానికైనా మనిషి అలవాటు పడతాడన్న మాట సగమే నిజం. జర్మనీ, బ్రిటన్‌లలో ఒకే కుటుంబాలను ఏళ్ల తరబడి వెంబడించిన సర్వేల సమాచారాన్ని 2007లో విశ్లేషించినప్పుడు, దీర్ఘకాలిక వైకల్యం వచ్చినవాళ్లలో జీవితం మీద సంతృప్తి బాగా పడిపోయి, తర్వాత పెద్దగా కోలుకోలేదని తేలింది. డయాలసిస్ అధ్యయనంతో ఇది పొసగనట్టు కనిపిస్తుంది. కొలిచినవి వేరు కావడం ఇందుకు ఒక కారణం. ఆ క్షణపు మూడ్ ఒకటి, మొత్తం జీవితం మీద ఇచ్చుకునే మార్కు ఇంకొకటి. ఉద్యోగం పోయి, అప్పు పెరిగి, కూతురి పెళ్లి ఆగిపోయిన మనిషి జీవితానికి తక్కువ మార్కే వేస్తాడు. అదే మనిషి ఆ సాయంత్రం క్రికెట్ మ్యాచ్ చూస్తూ కేకలు పెట్టవచ్చు. రెండూ నిజమే.

ఆగకుండా ఉండే నొప్పి, నిద్రలేమి, ముదిరిన డిప్రెషన్ అలవాటుకు లొంగవు. ఇవి మనసును ఇంకోచోట నిలవనివ్వవు కాబట్టి పైన చెప్పిన సూత్రం ఇక్కడ పనిచేయదు. డయాలసిస్ రోగులను సతాయించే ఒళ్లంతా దురద, రాత్రి కాళ్లు ఆడించాలనిపించే ఇబ్బంది కూడా ఈ కోవలోవే. చూసేవాళ్లకు చిన్నవిగా కనిపిస్తాయి. కొందరు వీటిని డాక్టరుకు చెప్పనే చెప్పరు. "కిడ్నీలే పోయాయి, దురద గురించి ఏం చెబుతాం" అనుకుంటారు. కానీ రాత్రంతా గోక్కుంటూ కూర్చున్న మనిషికి పగలు ఏ సరదా రుచిస్తుంది? ఈ రెండింటికీ మందులున్నాయి.

2009లో వెలువడిన ఇంకో పరిశోధన మన ఇళ్లకు బాగా వర్తిస్తుంది. పేగు ఆపరేషన్ తర్వాత కొందరికి మలం బయటికి రావడానికి పొట్ట మీద సంచి పెడతారు. కొందరికి అది శాశ్వతం. కొందరికి తాత్కాలికం, తర్వాత మళ్లీ ఆపరేషన్ చేసి తీసేస్తారు. ఎవరు తొందరగా కుదుటపడతారు? తాత్కాలికం అన్నవాళ్లే అనుకుంటాం. ఆరు నెలలు గమనిస్తే శాశ్వతంగా సంచి పెట్టించుకున్నవాళ్ల జీవిత సంతృప్తే మెరుగుపడింది. తాత్కాలికం అన్నవాళ్లు అది ఎప్పుడు తీస్తారా అని ఎదురుచూస్తూ బతుకును పక్కన పెట్టేశారని పరిశోధకులు భావించారు.

తెలుగు ఇళ్లలో జబ్బు మనిషితో మాట్లాడే తీరు ఎక్కువగా ఇలా ఎదురుచూపుకు అలవాటు చేసేదే. "ముందు తగ్గనీ, తర్వాత తిరుపతి వెళ్దాం." "మార్పిడి అయ్యాక చూద్దాంలే." మరణించినవారి అవయవాలను అవసరమైనవారికి అందించే జీవన్‌దాన్ పథకం రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. కానీ కిడ్నీ కోసం పేరు నమోదు చేసుకున్నవాళ్లకు వంతు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. మార్పిడి మీద ఆశ ఉండడంలో తప్పు లేదు. ఆ ఆశ పేరు చెప్పి ఈ ఏడాది సంక్రాంతినీ, వచ్చే ఏడాది సంక్రాంతినీ వాయిదా వేయడం దగ్గరే చిక్కు.

నవ్వు నిజంగా మందేనా?

"నవ్వు నాలుగు విధాల చేటు" అన్న సమాజం ఇప్పుడు పార్కుల్లో లాఫింగ్ క్లబ్బులు పెట్టి ఉదయాన్నే నవ్వుతోంది. 1995లో ముంబయిలో డాక్టర్ మదన్ కటారియా మొదలుపెట్టిన ఈ క్లబ్బులు చాలా దేశాలకు పాకాయి. వీటి వెనకున్న నమ్మకానికి ఇంకాస్త పాత మూలం ఉంది. అమెరికా పత్రికా సంపాదకుడు నార్మన్ కజిన్స్‌కు 1964లో వెన్నెముక కీళ్లు బిగుసుకుపోయే తీవ్రమైన జబ్బు వచ్చింది. కామెడీ సినిమాలు చూస్తూ పది నిమిషాలు కడుపారా నవ్వితే రెండు గంటలు నొప్పి లేకుండా నిద్రపట్టేదని 1976లో ఒక ప్రముఖ వైద్య పత్రికలో ఆయన రాశారు. కోలుకున్నారు కూడా. అయితే ఆయన అదే సమయంలో పెద్ద మోతాదులో విటమిన్ సి తీసుకున్నారు. చుట్టూ మంచి డాక్టర్లున్నారు, ఆస్పత్రి నుంచి హోటల్ గదికి మారే స్తోమత ఉంది. పైగా ఇలాంటి జబ్బులు వాటంతట అవే తగ్గుముఖం పట్టే సందర్భాలూ ఉంటాయి. ఒక్క మనిషి అనుభవాన్ని బట్టి ఏది పనిచేసిందో తేల్చలేం.

నవ్వుకు నొప్పిని ఓర్చుకునే శక్తిని కాసేపు పెంచే గుణం ఉందనడానికి మాత్రం కొంత ఆధారం ఉంది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు రాబిన్ డన్బార్ బృందం 2011లో ప్రచురించిన ప్రయోగాల్లో, నలుగురితో కలిసి పగలబడి నవ్వినవాళ్లు ఆ తర్వాత నొప్పిని ఎక్కువగా తట్టుకోగలిగారు. అలాంటి నవ్వులో శరీరం సొంతంగా విడుదల చేసే ఎండార్ఫిన్లే కారణమై ఉండవచ్చని వాళ్ల వివరణ. ఇక్కడ గమనించాల్సింది నవ్వుతో పాటు ఆ నలుగురిని. ఒంటరిగా మంచం మీద ఫోన్‌లో రీల్స్ చూసి నవ్వడం, ఇంటికొచ్చిన బావమరిదితో పాత సంగతులు చెప్పుకుని నవ్వడం ఒకే రకం కావని డయాలసిస్ వార్డుల్లో ఎవరైనా చెబుతారు.

ఇక ఆయుష్షు సంగతి. 1989లో రొమ్ము కేన్సర్ ముదిరిన 86 మంది మహిళలపై వచ్చిన అధ్యయనం పెద్ద సంచలనం. వారం వారం కలిసి కూర్చుని మాట్లాడుకునే బృందంలో ఉన్నవాళ్లు మిగతావాళ్ల కంటే దాదాపు రెట్టింపు కాలం బతికారని అందులో చెప్పారు. 2001లో 235 మందితో దాన్ని మళ్లీ చేసి చూస్తే ఆయుష్షు పెరగలేదు. కానీ దిగులు తగ్గింది, నొప్పి కూడా తక్కువగా అనిపించింది. 2007లో తల, మెడ కేన్సర్ ఉన్న 1,093 మంది వివరాలు పరిశీలిస్తే, మానసికంగా ఎంత హాయిగా ఉన్నారన్న దానికీ ఎన్నాళ్లు బతికారన్న దానికీ సంబంధం కనిపించలేదు. బ్రిటన్‌లో ఏడు లక్షలకు పైగా మహిళలను పదేళ్ల పాటు గమనించిన అధ్యయనం 2015లో ఇంకా స్పష్టంగా తేల్చింది. సంతోషం లేనివాళ్లలో మరణాలు ఎక్కువగా కనిపించడానికి కారణం, వాళ్లలో చాలామంది అప్పటికే జబ్బుతో ఉండడం. అంటే జబ్బు వల్ల సంతోషం తగ్గుతోంది. సంతోషం లేకపోవడమే ప్రాణం తీస్తోందనడానికి ఆధారం దొరకలేదు.

ఈ తేడా పండితుల పట్టింపు కాదు. "ధైర్యంగా ఉండు, అదే సగం బలం" అని మంచి మనసుతోనే అంటారు. అది కాస్త ముదిరితే రిపోర్టు చెడుగా వచ్చినప్పుడు తప్పు రోగి మీదికి వస్తుంది: "టెన్షన్ పడ్డావు, అందుకే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరును చూపే రక్త పరీక్ష అంకె) పెరిగింది." జబ్బు మోస్తున్న మనిషి నెత్తిన నవ్వాల్సిన డ్యూటీ కూడా పడుతుంది. సరదా ఆయుష్షు పెంచకపోయినా ఆ పూట బాగుంటుంది. అంతకు మించి దాన్ని సమర్థించుకోవాల్సిన అవసరం లేదు.

వారంలో 168 గంటలు

వారానికి మూడుసార్లు డయాలసిస్ అంటే మెషీన్ మీద 12 గంటలు. వారంలో ఉన్నవి 168. కాగితం మీద ఇది చిన్న వాటా. ఆటో దొరకడం, బెడ్ ఖాళీ కావడం, అయ్యాక సూదులు తీసిన చోట రక్తం ఆగేదాకా నొక్కి పట్టుకోవడం, ఇంటికి చేరడం కలిపితే రోజు అయిపోతుంది. నీరు ఎక్కువగా తీసిన రోజున కాళ్లు పట్టేస్తాయి, బీపీ పడిపోతుంది, ఇంటికొచ్చి పడుకుంటే లేచేసరికి రాత్రి. అందుకే చాలామందికి వారం "మెషీన్ రోజులు", "ఖాళీ రోజులు" అని రెండుగా చీలిపోతుంది.

సరదాకు దారి ఈ ఖాళీ రోజుల్లోనే ఉంది. దాన్ని మూసేసే పద్ధతులు రెండు. మొదటిది, ఒళ్లు కాస్త బాగున్న రోజున ఆగిపోయిన పనులన్నీ ఒకేసారి మీద వేసుకోవడం. జీతం వచ్చిన రోజే మొత్తం ఖర్చు పెట్టేసినట్టు శక్తి అంతా అయిపోయి, తర్వాత రెండు రోజులు లేవలేరు. రెండోది దీనికి తలకిందులు. నీరసంగా ఉంది కాబట్టి ఏమీ చేయరు. ఏమీ చేయరు కాబట్టి సంతోషపెట్టేది ఏదీ జరగదు. దాంతో మనసు ఇంకా కుంగి, ఒళ్లు ఇంకా కదలనంటుంది. డిప్రెషన్ మీద పనిచేసిన అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ లూయిన్‌సన్ 1970లలో ఈ వలయాన్ని వివరించారు. మూడ్ బాగయ్యేదాకా ఆగి అప్పుడు సరదా పడదామంటే కుదరదు, ముందు చిన్న పని మొదలైతే మూడ్ దాని వెనకాల వస్తుందన్నది ఆ సిద్ధాంతం. ఆయన బృందం మనుషులకు హాయినిచ్చే 320 పనుల జాబితా తయారుచేసింది. దాన్ని చూస్తే సరదా అంటే ఊటీ ట్రిప్పు ఒక్కటే కాదని అర్థమవుతుంది. ఈ పద్ధతి నుంచి పుట్టిన చికిత్సను ఇప్పటికీ డిప్రెషన్‌కు వాడుతున్నారు.

పని చిన్నదై ఉండాలి, టైమ్ ముందే అనుకోవాలి, మధ్యలో ఆపేసినా నష్టం ఉండకూడదు. సినిమాకు వెళితే చివరి వరుసలో, దారి పక్క సీటు. పెళ్లికి వెళితే ముహూర్తానికి మాత్రం ఉండి, భోజనాలకు ముందే వచ్చేయడం. మెషీన్ మీద ఉన్న నాలుగు గంటలను కూడా కొందరు వాడుకుంటున్నారు. ఫిస్టులా (సూదులు గుచ్చడానికి రక్తనాళాలను కలిపి చేసిన చోటు) ఉన్న చేయి కదపకూడదు కనుక ఒంటి చేత్తో చేయగలిగేవే వీలవుతాయి: పాటలు, ఫోన్‌లో చదరంగం, పక్క బెడ్‌తో రాజకీయాలు. కొన్ని దేశాల్లో పడుకునే తొక్కే సైకిల్ పెడల్స్ కూడా పెడుతున్నారు.

ఊరు దాటి వెళ్లడం కూడా అసాధ్యం కాదు. వెళ్లే ఊళ్లో డయాలసిస్ కేంద్రంతో ముందే మాట్లాడి స్లాట్ తీసుకోవాలి. హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ పరీక్షల తాజా రిపోర్టులు, డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు), వాడే మందుల వివరాలు వెంట ఉండాలి. పొట్టలోకి ద్రవం ఎక్కించి ఇంట్లోనే చేసుకునే డయాలసిస్ పద్ధతిలో రోజుకు సుమారు నాలుగుసార్లు ద్రవం మార్చుకోవాలి. శుభ్రత విషయంలో చాలా జాగ్రత్త కావాలి, కానీ కేంద్రానికి కట్టుబడి ఉండే పని తప్పుతుంది. తిరుమలలో వృద్ధులకు, దివ్యాంగులకు, తీవ్రమైన జబ్బులున్నవాళ్లకు దర్శనంలో విడిగా కోటా ఉంది. 2027లో వచ్చే గోదావరి పుష్కరాలకు వెళ్లాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. మెడ దగ్గర కేథటర్ (డయాలసిస్ కోసం పెట్టిన గొట్టం) ఉంటే నదిలో మునగడం ప్రమాదం, నీళ్లు తల మీద చల్లుకోవడంతో సరిపెట్టుకోవాలి, కేథటర్ కట్టు తడవకూడదు.

ఇవన్నీ మనిషి తనంతట తాను చేసుకునే సర్దుబాట్లు. దూరం మాత్రం ఎవరూ సర్దుకోలేనిది. డయాలసిస్ కోసం ఊళ్లు దాటి శ్రీకాకుళం, విశాఖపట్నం దాకా తిరిగిన రోజులు ఉద్దానం వాళ్లకు గుర్తే. తర్వాత స్థానికంగా కేంద్రాలు వచ్చాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. ఇలాంటివాటిని చికిత్స అందిన లెక్కల్లోనే చూస్తారు. ప్రయాణంలో మిగిలిన పూట ఆ మనిషి వీధి అరుగు మీద కూర్చోగలగడం ఏ లెక్కలోకీ రాదు.

పథ్యం ఎంత, భయం ఎంత

తెలుగు ఇంట్లో సరదా సగం వంటింట్లో ఉంటుంది. డయాలసిస్ ముందుగా దెబ్బకొట్టేదీ అక్కడే. కిడ్నీ పనిచేయనప్పుడు రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పి ప్రాణం మీదికి వస్తుంది. ఉప్పు తింటే దాహం, దాహానికి నీళ్లు, నీళ్లు తాగితే ఒళ్లు వాపు, ఊపిరితిత్తుల్లో నీరు. మూత్రం ఎంత వస్తోందో దానికి అర లీటరు కలిపి, రోజుకు అంతే తాగమని సాధారణంగా చెబుతారు. ఈ లెక్కలో చారు, మజ్జిగ, సాంబారు కూడా నీళ్లే. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. చుట్టూ కొబ్బరి తోటలే ఉన్న ఉద్దానంలో, ఊళ్లో ఎవరింటికి వెళ్లినా మర్యాదకు బొండాం కొట్టి ఇచ్చే చోట, దాన్ని వద్దనడం ఎంత కష్టమో బయటివాళ్లు ఊహించలేరు.

కాబట్టి పథ్యం ఉత్తుత్తి భయం కాదు. సమస్య ఎక్కడంటే, డాక్టర్ పది చెబితే ఇంట్లోవాళ్లు ఇరవై చేస్తారు. చుట్టాలు ఇంకో పది కలుపుతారు. చివరికి ఉప్పు లేని అన్నం, ఉడకబెట్టిన ముక్కలు మిగులుతాయి. డయాలసిస్ మొదలయ్యాక మాంసకృత్తులు మునుపటికంటే ఎక్కువ కావాలి. గుడ్డు తెల్లసొన, చికెన్, చేప తగిన మోతాదులో తినమనే చెబుతారు. అయినా డయాలసిస్‌కు ముందు దశలో విన్న "మాంసం మానేయాలి" అన్న మాటే చాలా ఇళ్లలో నడుస్తోంది. కూరగాయలను చిన్న ముక్కలుగా కోసి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వండితే పొటాషియం కొంత తగ్గుతుంది. ఉప్పు తగ్గించినప్పుడు నిమ్మరసం కొద్దిగా, అల్లం, వెల్లుల్లి, మిరియాలు, కరివేపాకు రుచిని నిలబెడతాయి. దాహానికి గ్లాసు నీళ్ల బదులు ఒక ఐసు ముక్క చప్పరిస్తే ఎక్కువసేపు తృప్తిగా ఉంటుంది.

కొన్ని విషయాల్లో మాత్రం బేరం లేదు. "లో సోడియం" అని అమ్మే ఉప్పుల్లో కొన్నింటిలో సోడియం బదులు పొటాషియం ఉంటుంది, అవి డయాలసిస్ రోగికి మామూలు ఉప్పు కంటే ప్రమాదం. స్టార్ ఫ్రూట్ ఒక్క పండైనా కిడ్నీ రోగుల మెదడు మీద విషంలా పనిచేయగలదు. మెషీన్ ఎక్కాక ఏం తిన్నా శుభ్రమైపోతుందని ఇష్టమైనవన్నీ అప్పుడే తినేవాళ్లున్నారు. ఆ సమయంలో కడుపునిండా తింటే రక్తం పొట్ట వైపు మళ్లి బీపీ పడిపోవచ్చు. పండగకు ఏది, ఎంత తినవచ్చో నెలవారీ రక్త పరీక్ష చూసి డైటీషియన్ చెప్పగలరు. "ఆవకాయ తినొచ్చా?" అని అడిగితే వద్దనే అంటారు. "అన్నం మొదటి ముద్దలోకి, వేలితో అద్దుకునేంత?" అని అడిగితే జవాబు మారే అవకాశం ఉంది.

చూసేవాళ్ల కళ్లు

జబ్బు మనిషి ఎలా కనిపించాలో సమాజం దగ్గర ఒక కొలత ఉంటుంది. 2009లో కెనడాలోని క్విబెక్‌లో డిప్రెషన్‌తో సెలవులో ఉన్న ఒక ఉద్యోగినికి బీమా చెల్లింపులు ఆగిపోయాయి. పుట్టినరోజు వేడుకలో, సముద్రం ఒడ్డున ఆమె నవ్వుతూ దిగిన ఫొటోలు ఫేస్‌బుక్‌లో కనిపించడమే ఆ గొడవకు మూలం. సరదాగా గడపమని డాక్టరే సలహా ఇచ్చారని ఆమె చెప్పింది. మన దగ్గర దానికి బీమా సంస్థ దాకా వెళ్లనక్కర్లేదు. పట్టుచీర కట్టుకుని పేరంటానికి వెళితే "ఆవిడకి నిజంగా అంత జబ్బా?" అన్న మాట సాయంత్రానికి ఇంటికి చేరుతుంది. ఇంటి మగవాడి వైద్యానికి పొలం అమ్మి ఉంటే, ఆ మనిషి నవ్వడానికి తనకు తానే సంకోచిస్తాడు. మన వల్ల ఇల్లు గుల్లయింది, మనకు సరదా ఏంటన్న భావం ఏ పరీక్షలోనూ కనబడదు గానీ చాలామందిని లోపల తినేస్తోంది.

ఆడవాళ్లకు ఇంకో మెలిక ఉంది. మెషీన్ దిగి వచ్చిన రోజు కూడా వంట తప్పని ఇళ్లున్నాయి. తాను తినకూడని పులిహోరకు తానే పోపు పెట్టాలి. ఖాళీ రోజున మిగిలిన శక్తి ఇంటి పనికి పోతే సరదాకు మిగిలేది ఉండదు. ఇక్కడ కావలసింది ధైర్యవచనం కాదు, పని పంచుకునే ఇంకో జత చేతులు. అలాగే రోగి వెంట తిరిగే భార్యకో కొడుకుకో వారంలో ఒక పూట సెలవు దొరకని ఇంట్లో రోగి ఒక్కడే హాయిగా ఉండడం జరగని పని.

ఆస్పత్రి వైపు నుంచి

వైద్యం జబ్బును కొలుస్తుంది. డయాలసిస్ ఫైల్‌లో హీమోగ్లోబిన్, పొటాషియం, బరువు, బీపీ ఉంటాయి. ఈ నెలలో ఈ మనిషి దేనికైనా ఉత్సాహంగా ఎదురుచూశాడా అన్నది ఉండదు. పిల్లల వార్డుల్లో సరదాకు చోటివ్వడం కొంత ముందే మొదలైంది. 1986లో న్యూయార్క్‌లో సర్కస్ కళాకారుడు మైఖేల్ క్రిస్టెన్సెన్ ఆస్పత్రులకు విదూషకులను పంపే కార్యక్రమం మొదలుపెట్టారు. 2005లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో 40 మంది పిల్లలపై చేసిన అధ్యయనంలో, ఆపరేషన్ ముందు మత్తు ఇచ్చేటప్పుడు విదూషకులు పక్కన ఉంటే పిల్లల ఆందోళన తగ్గింది. అయినా ఆపరేషన్ థియేటర్ సిబ్బంది ఎక్కువమంది దాన్ని కొనసాగించడానికి ఇష్టపడలేదు. తమ పనికి అడ్డొస్తోందన్నారు. మంచి ఫలితం రావడం ఒక ఎత్తు, ఆస్పత్రి దినచర్యలో దానికి చోటు దొరకడం మరో ఎత్తు.

పెద్దల విషయంలో మొదటి మెట్టు నొప్పి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని కఠిన నిబంధనల వల్ల మన దేశంలో తీవ్ర నొప్పికి వాడే మార్ఫిన్ దొరకడం ఏళ్ల తరబడి గగనమైంది. 2014లో చట్టాన్ని సవరించి అనుమతులను సులభం చేశారు. 1993లో కోజికోడ్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన సహచరులు మొదలుపెట్టిన ఉపశమన చికిత్స (జబ్బు మనిషి బాధను తగ్గించడం మీద దృష్టి పెట్టే వైద్యం) కేరళ అంతటా పాకి, 2008లో అక్కడి ప్రభుత్వ విధానంగా మారింది. వాలంటీర్లు ఇంటికి వెళ్లి గాయాలు శుభ్రం చేస్తారు, కాసేపు కూర్చుని మాట్లాడతారు. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. కేన్సర్ ఆస్పత్రిలో ఇలాంటి విభాగం పనిచేస్తోంది. అయితే ఉపశమన చికిత్స అంటే ఇక ఆశ లేనివాళ్లకే అన్న అభిప్రాయం మన దగ్గర ఇంకా గట్టిగానే ఉంది. అందువల్ల ఏళ్ల తరబడి డయాలసిస్ మీద, గుండె జబ్బుతో, కీళ్లవాతంతో బతుకుతున్నవాళ్ల బాధలు ఈ విభాగాల దాకా రావు. నొప్పికి మందుల షాపులో మాత్ర కొనుక్కుంటారు. వాటిలో చాలా రకాలు మిగిలిన కాస్త కిడ్నీనీ దెబ్బతీసేవే.

నీరసం, ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం కిడ్నీ జబ్బు లక్షణాలు. డిప్రెషన్ లక్షణాలు కూడా అవే. రెండింటినీ విడదీయడానికి తేలికైన ప్రశ్న ఒకటుంది: ఇదివరకు ఇష్టపడినవాటి మీద ఇప్పుడూ మనసు పోతోందా? ఒంట్లో ఓపిక లేక సినిమాకు వెళ్లలేకపోతున్న మనిషి వేరు, వెళ్లాలనే అనిపించని మనిషి వేరు. మొదటివారికి వీల్ చైర్, దగ్గరి హాలు, తోడు దొరికితే చాలు. రెండు వారాలకు పైగా ఏదీ రుచించడం లేదంటే అది చికిత్స చేయాల్సిన జబ్బు, మానసిక వైద్యుల దగ్గరికి పంపాల్సిన కేసు. డయాలసిస్ ఎక్కించే ముందు బరువు, బీపీ ఎలాగూ చూస్తున్నారు. అప్పుడే ఈ ప్రశ్న కూడా అడగడానికి కొత్త యంత్రమేదీ అక్కర్లేదు.